పడమటి కిటికీ

నా అర్జీ నేను రాయలేదన్నారు. ‘స్వదస్తూరి కాదు’ అని ఎర్రసిరాతో రాసి వెనక్కి పంపారు. అరవై నాలుగేళ్ల వయసులో పదో తరగతి ఓపెన్ పరీక్ష నేనే రాసుకుంటానని అడిగినందుకు దక్కిన మర్యాద అది.

ఇవాళ మా ఆవిడ నా తలకు టోపీ పెట్టగానే టంకం వాసన కొట్టింది, సుగుణ గుర్తొచ్చింది. సారపాకలో టీవీలు, రిమోట్లు బాగుచేసేది. వెదురు లోడు మీదపడి నా మెడ కింద అంతా చచ్చుబడ్డాక ఒకసారి మా టీవీ చూడటానికి వచ్చింది. బడి ఎరగక, పొట్లాల కాగితాలు చదివి చదువు నేర్చినవాణ్ణి. పేజీ తిప్పమని మా ఆవిడను బతిమాలుతుంటే చూసింది. వారానికల్లా రిమోట్లలోని చిన్న దీపాలు మూడు పీకి, టోపీకి అతికించి తెచ్చింది.

“ఇవి వెలుగుతలేవు గద చెల్లె!”

“నీ కంటికి కనబడకుంటే లేనట్టేనా అన్నా?” అంటూ సెల్‌ఫోన్ కెమెరాలోంచి చూపించింది. మూడు ఊదారంగు చుక్కలు! తను నా ముందు బిగించిన పాత కంప్యూటర్ మీది కెమెరా వాటినే గమనిస్తూ ఉంటుంది. నేను తల తిప్పిన వైపు తెరమీద బాణం కదులుతుంది. అక్షరం మీద కాసేపు నిలిపితే ఆ అక్షరం పడుతుంది.

మొదటి రోజు ‘అ’ మీదికి రావలసిన బాణం మూలకు పారిపోయి అక్కడే కూర్చుంది. మెడ పీకుతుంటే నోటికొచ్చినట్టు తిట్టాను. సుగుణ లేచి నా వెనకనున్న పడమటి కిటికీ మూసింది. బాణం బుద్ధిగా తిరిగొచ్చింది.

“సూర్యున్ని సూసి నా దీపమనుకుంది పిచ్చి కెమెరా! ఇగ రాయన్నా. తలరాత తలరాత అంటరు గద, నీది నువ్వే రాస్కో.”

అలా టోపీతో రాసిన మొదటి అర్జీ తిరిగొచ్చాక పరీక్షల ఆఫీసుకు ఫోన్ చేయించాను. నేను చెబుతుంటే రాయడానికి మనిషినిస్తారట. “నా గుణింతం తప్పులు కూడా నావే కావాలి సార్,” అని, తల తిప్పుతూ టోపీతో ఎలా రాస్తానో చెప్పాను. గుమాస్తా నవ్వాడు. “గంగిరెద్దులెక్క తలూపితే పరీక్షయితదా పెద్దాయనా?”

ఆ మాట నాలో ముల్లులా దిగింది. సుగుణకు చెబితే చేతిలోని టంకం కడ్డీ పక్కన కూడా పెట్టలేదు.

“గంగిరెద్దును ఇంకోడు ఆడిస్తడు. నిన్నెవడు ఆడిస్తుండన్నా?”

రెండో అర్జీ ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టాను. చేతులు పోయినవాడికి దస్తూరి ఉండదా అని అడిగాను. టోపీ సంగతి, కిటికీ సంగతి పూసగుచ్చినట్టు రాశాను. మూడు రోజులు పట్టింది. ఒక్క అక్షరం కూడా ఎవరినీ ముట్టనివ్వలేదు.

ఆ వానాకాలం జ్వరమొచ్చి సుగుణ పోయింది. టోపీ అంచు చిరిగింది, అయినా మార్చనివ్వను. ఆమె పోయిన నెలకు జవాబొచ్చింది:

“అర్జీదారు తన టోపీతో స్వయముగా పరీక్ష రాయవచ్చును. గదిలో పడమటి కిటికీ మూయించి ఉంచగలము.”