జాదూఘర్ అన్న మాట

మా అత్తగారు నాలుగు రోజులపాటు నా చేతి అన్నం ముట్టలేదు. దానికి కారణం ఒక్క మాట. దేవుడి ముందు దీపం పెట్టుకుని కూర్చున్నా సరే, ఆ నాలుగు రోజులు గుర్తొస్తే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది. దాచుకోవడమెందుకు?

నేను బడి మొహం చూడలేదు. మా నాన్నగారే ఇంట్లో పలక మీద అక్షరాలు దిద్దించారు. రోజూ భాగవతంలో రెండు పద్యాలు, ఆ తరవాత పాత రాజ్యాల కథ ఒకటి. వంగదేశంలో సముద్రం పక్కన తామ్రలిప్తి అనే రేవు ఉండేదనీ, అక్కణ్ణించి ఓడలు సింహళానికి పోయేవనీ చెప్పి, పలక మీద తెరచాప గీసేవారు. ఆయన ఆ చోటు చూడకుండానే పోయారు.

పెళ్లయి ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టర్‌కి వచ్చిన తొమ్మిదేళ్లకి, ఆ తామ్రలిప్తే ఇప్పటి తమ్లుక్ అనీ, కాసేపు రైలు, కాసేపు బస్సు ఎక్కితే చాలనీ పక్క క్వార్టర్ బెంగాలీ దీదీ చెప్పింది. "అక్కడ చిన్న జాదూఘర్ ఉంది, మట్టిలో దొరికిన బొమ్మలూ కుండలూ పెట్టారు" అంది. మ్యూజియాన్ని బెంగాలీలో జాదూఘర్ అంటారని నాకు తెలిసింది అప్పుడే. ఆ తల్లి మేలు నేను మరవను.

ఆదివారం తమ్లుక్ చూసొద్దామని మా ఆయన్ని ఒప్పించాను. పొద్దున్నే లోకల్ బండి, పులిహోర, మరచెంబు నిండా నీళ్లు. మా నాన్నగారిని తలుచుకుని అక్కడొక నమస్కారం పెట్టి రావాలి, అంతే నా కోరిక. ఆ సంతోషంలో సోమవారం కుళాయి దగ్గర నోరు జారాను.

"ఆదివారం తమ్లుక్ జాదూఘర్‌కి ఎల్తన్నామప్పా" అన్నాను.

ఎదురింటావిడ బిందె కింద పెట్టేసింది. "జాదూఘరా? జాదూలు సేసేవోళ్ల ఇల్లా ఏటి?"

"కాదప్పా, పాత సామాన్లుంటాయట."

"ఓలమ్మా! పాత సామాన్లకి రైలెక్కాలేటి? మా మావ ఉన్నాడు, ఒచ్చి సూసుకుని పో!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడే గట్టిగా చెప్పి ఉండాల్సింది. సాయంత్రానికి ఆ మాట నాలుగు గుమ్మాలు దాటి మా అత్తగారి చెవిన పడేసరికి ఇలా తయారైంది: కోడలు తమ్లుక్‌లో మంత్రగాడి దగ్గరికి వెళ్తోంది, మొగుణ్ణి గుప్పిట్లో పెట్టుకోవడానికి మందు తెస్తోంది.

మర్నాడు ఆవిడ పెరట్లో కుంపటి వేరే వెలిగించుకున్నారు.

"అన్నం వండేసినాను కదత్తమ్మా?"

"నీ అన్నం నువ్వు తిను. నాకు గంజి సాలు."

"ఏటైనాదత్తమ్మా?"

"నా కొడుక్కేటి కలుపుతావో కలుపు. నా కంచంలో మాత్రం కలపకు."

జాదూఘరంటే అది కాదని ఎంత చెప్పినా వినిపించుకోలేదు. ఆవిడకి టైఫాయిడ్ వస్తే ఇరవై రోజులు చెంచాతో జావ పట్టిన చెయ్యి ఇది! ఇలాంటి అత్తగారినిచ్చినందుకు రోజూ దేవుడికి దండం పెట్టుకున్న చెయ్యి!

గుమ్మంలో చెప్పులేసుకుంటున్న ఆయన్ని అడిగాను: "మీరైనా సెప్పండి, జాదూఘరంటే ఏటో."

"నాకేటి తెలుసే? ఆడోళ్ల గొడవలోకి నన్ను లాగకు" అని సైకిలెక్కి వర్క్‌షాపుకి వెళ్లిపోయారు.

నిజమే కాబోలనుకున్నాను. నా బుద్ధికి అంతే అందింది.

శుక్రవారం సాయంత్రం ఆయనతో పనిచేసే బెంగాలీ అబ్బాయి పనిముట్టేదో ఇవ్వడానికి వచ్చి, నన్ను వాళ్ల భాషలో వదినా అని పిలుస్తూ, వచ్చీరాని తెలుగులో అన్నాడు: "బౌదీ, జాదూఘర్ మందు దాదాకి పని చేసిందా? మా షాప్‌లో రోజూ ఇదే నవ్వు! దాదా చాలా బాగా చెప్తాడు."

అంటే ఆయనకి తెలుసు. మొదటి రోజు నించీ తెలుసు. ఎదురింటావిడకి తెలియదు, మా అత్తగారికి తెలియదు. తెలియని మనిషిని దేవుడే క్షమిస్తాడు, నేనెంత? ఇరవై ఏళ్లుగా బెంగాలీల మధ్య పనిచేసే ఈ మనిషి మాత్రం, కన్నతల్లి గంజి తాగుతుంటే చూస్తూ, నా పప్పులో నెయ్యి పోసుకు తిన్నాడు! పెళ్లాం మీద మందు పెట్టే మనిషని ముద్ర పడుతుంటే, దాన్ని పదిమందికీ చెప్పి నవ్వించాడు!

ఆ పూట ఖాళీ కంచం తెచ్చి ముందు పెట్టాను.

"ఏటే, అన్నమేదీ?"

"మందు కలిపినాను. బయం నేదా?"

"పరాసికాలా?"

"పరాసికం మీది. గంజి మీ అమ్మది. రేపు కుళాయి కాడ నిలబడి ఆ మాటకి అర్థం సెప్పండి. అంతవరకూ ఈ కంచంలో మెతుకు పడదు."

మొగుడితో అలా మాట్లాడటం తప్పే. ఆ తప్పుకి ఇంతవరకూ దేవుణ్ణి క్షమాపణ అడగలేదు.

శనివారం పొద్దున ఆయన భుజాన తువ్వాలుతో బిందెల మధ్య నిలబడ్డారు. "జాదూఘరంటే మ్యూజియమమ్మా. మంత్రాలేటీ నేవు." నేను గుమ్మంలోంచి దగ్గాను. "నాకు ముందే తెలుసు" అని కలిపారు.

ఎదురింటావిడ వదల్లేదు. "తెలిస్తే ఇన్నాళ్లూ నోట్లో ఏటెట్టుకున్నావు బావూ?"

ఆవిడ మీద నాకున్న కాస్త కోపమూ ఆ మాటతో పోయింది.

మా అత్తగారు కుంపటి దగ్గర కూర్చునే అంతా విన్నారు. నన్ను దగ్గరికి పిలిచి అడిగారు: "ఏటుంటాదే అక్కడ?"

"బూమిలోంచి తీసిన బొమ్మలత్తమ్మా. దేవుళ్లూ ఉంటారట. సేతులిరిగినోళ్లు, ముక్కులు పోయినోళ్లు."

"మరి ఆళ్లకి దండం ఎవులు ఎడతారు?"

"ఎవరూ ఎట్టరట."

ఆవిడ కుంపట్లో నిప్పుల మీద నీళ్లు చల్లారు. "మజ్జిగుంటే కాసిన్ని పొయ్యి. నానూ ఒస్తాను."

గ్లాసు నా చేత్తోనే ఇచ్చాను. నా కళ్లెదుటే తాగారు. దేవుడి గూటి వైపు తిరిగి కళ్లు మూసుకున్నాను.

పులిహోర ఇద్దరికి సరిపడా కలపడానికి చింతపండు నానేస్తుంటే ఆయన వచ్చారు. "మరి నాకో?"

జవాబు మా అత్తగారే చెప్పారు.

"నీకన్నీ ముందే తెలుసు కదరా. ఇంటికాడుండు."