పడవకు పనికిరాని డ్రిల్ లెక్క

1984 జనవరి నెలాఖరున నన్ను తిరుత్తణి బాలికల ఉన్నత పాఠశాల నుంచి రోయింగ్ కోచ్ సర్టిఫికెట్ కోర్సుకు పంపారు. అప్పటికి నేను ఆ బడిలో గ్రేడు టూ వ్యాయామోపాధ్యాయినిని. పిల్లల భాషలో డ్రిల్ టీచరమ్మను. తెడ్ల పడవల పోటీలకు జట్లను తయారు చేసే కోచ్‌లకు తర్ఫీదు ఇచ్చే కోర్సు అది. తిరువళ్ళూరు దగ్గర పూండి జలాశయంలో జరిగింది. ఈశాన్య రుతుపవనాల వానలకు జలాశయం అప్పుడు నిండుగా ఉంది.

ఈత వచ్చిన మహిళా వ్యాయామోపాధ్యాయిని ఒకరు కావాలని బడికి సర్క్యులర్ వచ్చినప్పుడు స్టాఫ్ రూములో చెయ్యెత్తింది నేనొక్కదాన్నే. పాండూరులో మా చేలోని బావిలో, వీపుకు బెండ్లు కట్టుకుని నేర్చిన ఈత నాది. మా లెక్కల టీచరు ఊరుకోలేదు. "ఏం టీచరూ, తిరుత్తణిలో ఉండేది కొండ గదా, పడవ యాడ తోలతావు?" అన్నది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ నవ్వులన్నీ ముగిసేసరికి హెడ్మిస్ట్రెస్ నా పేరు రాసి సంతకం చేసేశారు.

కోర్సులో పన్నెండు మందిమి. పదకొండు మంది డ్రిల్ మాస్టర్లు, ఆడమనిషిని నేనొక్కదాన్ని. జూన్ నుంచి అక్కడ ఆడపిల్లల జట్టు మొదలు పెట్టాలని శిక్షణ కేంద్రం వాళ్ళ ఆలోచన. అయితే సర్టిఫికెట్ ఉన్న మహిళా కోచ్ లేకుండా ఆడపిల్లలను నీళ్ళ మీదికి పంపకూడదన్నది నిబంధన. నేను పరీక్ష తప్పితే ఆ జట్టు లేదు, ఆ కోచ్ పోస్టూ లేదు. ఆ పోస్టు నాకు కావాలి, దాచేదేముంది. ఎనిమిదేళ్ళుగా ఎండలో నిలబడి 'అటెన్షన్', 'స్టాండ్ ఎటీజ్' అని అరిచి అరిచి విసిగిపోయాను. మొదటిరోజు పడవ ఎక్కి ఒడ్డు వెనక్కి జరుగుతుంటే చూశాక, ఇక ఆ గ్రౌండుకు తిరిగి పోబుద్ధి కాలేదు.

పరీక్ష మూడు భాగాలు. రాత పరీక్షలో పడవ భాగాలు, భద్రత, పోటీల నియమాలు అడుగుతారు. రెండోది మనం స్వయంగా తెడ్డు వేసి చూపించడం. మూడోది టీచింగ్ ప్రాక్టీసు. ఎన్నడూ పడవ ఎక్కని నలుగురిని అప్పగిస్తారు. కోర్సు చివరి వారాల్లో వాళ్ళను జట్టుగా తయారు చేసి బయటి పరీక్షకుడి ముందు నడిపించాలి. ఇందులో తప్పితే మిగతా రెండింట్లో ఎన్ని మార్కులొచ్చినా సర్టిఫికెట్ ఇవ్వరు. నాకు తిరువళ్ళూరు చుట్టుపక్కల బడులనుంచి నలుగురు ఆడపిల్లలను ఇచ్చారు. ఇద్దరు తెలుగువాళ్ళు, ఇద్దరు అరవవాళ్ళు. అందరికీ రెండు భాషలూ వచ్చు గనుక మాటకు ఇబ్బంది లేదు.

రోయింగ్ తెలియనివాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. తెడ్డు వేసేవాళ్ళు పడవ పోయే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటారు. పాదాలు ఒక పలకకు బిగించి ఉంటాయి. కింద సీటు చిన్న చక్రాల మీద జారుతుంది. కాళ్ళతో తన్ని తెడ్డు లాగడం సగం పని. మోకాళ్ళు ముడుచుకుంటూ సీటుతో పాటు జారి, మళ్ళీ తెడ్డు దించడానికి సిద్ధం కావడం మిగతా సగం. దీన్ని రికవరీ అంటారు. లాగడం చురుగ్గా, రికవరీ నిదానంగా జరగాలి. రికవరీలో తొందరపడి జారితే నలుగురి బరువూ పడవకు ఎదురు తంతుంది. పోతున్న పడవ ఉలిక్కిపడినట్టు ఆగుతుంది. నలుగురికీ తాళం ఇచ్చే మనిషి కూర్చునే చోటును స్ట్రోక్ సీటంటారు. కోచ్ ఆమెకు ఎదురుగా, పడవ వెనక కొసన, చుక్కాని తాళ్ళు పట్టుకుని కూర్చుంటుంది. నా జట్టుకు స్ట్రోక్ మునెమ్మ. పదో తరగతి పిల్ల, పొడుగు కాళ్ళు, మాట తక్కువ.

మేం పన్నెండు మందిమీ ఒకే తప్పు చేశాం. అది డ్రిల్ చెప్పేవాళ్ళు మాత్రమే చేయగల తప్పు. డ్రిల్‌లో 'వన్' ఎంతసేపో 'టూ' అంతేసేపు. చేతులు పైకి, చేతులు కిందికి, రెండూ సమానం. ఏళ్ళ తరబడి అలవాటైన ఆ లెక్కనే పడవలోకీ తెచ్చాం. వన్ అంటే లాగడం, టూ అంటే జారడం. లెక్క సమంగా పడేసరికి పిల్లలు లాగినంత వేగంతో ముందుకు జారేవాళ్ళు. మాస్టర్ల జట్లలో ఉన్నది కండలు తిరిగిన కుర్రాళ్ళు. వాళ్ళు బలంతో ఆ లోపాన్ని కప్పేశారు. నా పిల్లలు తేలిక. తప్పు దాచడానికి చోటు లేదు.

చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ కురుప్ గారు నౌకాదళంలో చాలాకాలం చేసి రిటైరైన మనిషి. మలయాళం కలిసిన అరవంలో, గొంతు పెంచకుండా మాట్లాడేవారు. సగం కోర్సు ముగిశాక జరిగిన తనిఖీలో నా పడవ పక్కనే మోటారు లాంచీలో వచ్చి చూశారు. ఒడ్డుకు చేరాక, నేను నడుపుతున్నది పడవ కాదనీ పరేడ్ అనీ అన్నారు. ఇలాగే ఉంటే మూడో భాగం దాటడం కష్టమన్నారు. రికవరీ నిదానం చేయాలని నాకూ తెలుసు. గంటల తరబడి పిల్లలకు చెబుతూనే ఉన్నాను. నిదానం అని చెప్పిన మరుక్షణం నా నోరే వన్-టూ అని వాళ్ళను తరిమేది.

ఆ ఆదివారం మా ఊరు పాండూరు పోయాను. మా బావి మోటారు కాయిలు కాలిపోయి, చుట్టించడానికి తిరువళ్ళూరు పంపి ఉన్నారు. వేరుశనగ పూత మీద ఉంది. నీళ్ళు ఆగితే పంట దక్కదు. బావి మీద ఎద్దులతో నీళ్ళు తోడే పాత కపిల చట్రం ఇంకా కూలిపోలేదు. మా మేనమామ ఎద్దులను కట్టి కపిల తోలుతున్నాడు. ఎద్దులు వాలు బాటలో దిగుతుంటే మోకు లాగి నీళ్ళ బాన పైకొస్తుంది. నీళ్ళు కాలవలో పడ్డాక ఎద్దులు వెనక్కి నడుస్తూ వాలు ఎక్కుతాయి, బాన మళ్ళీ బావిలోకి దిగుతుంది. ఎద్దులు వాలు దిగేటప్పుడు తోలేమనిషి మోకు మీద కూర్చుని తన బరువు కూడా కలుపుతాడు. మామకు నడుము నొప్పి. చిన్నప్పుడు ఈ బావి మీదే కపిల తోలినదాన్ని గనుక చీర చెంగు దోపి, "నువ్వు పోయి నీడలో కూచో మామా, నేను తోల్తా" అన్నాను.

మోకు మీద కూర్చోగానే నా నోరు ఊరుకుందా? దిగేటప్పుడు వన్, ఎక్కేటప్పుడు టూ. లెక్కకు సరిపోవాలని ఎద్దులను వెనక్కి తొందర పెట్టాను. బాన బావి గోడకు కొట్టుకుని, వాలుగా పడి, సగం నీళ్ళతో పైకొచ్చింది. రెండోసారీ అంతే.

మామ నీడలోంచే కేకేశాడు. "ఏం పాపా, అవి ఎద్దులనుకున్నావా, నీ ఇస్కూలు పిల్లోళ్ళనుకున్నావా? మోటారు పాయె, ఇంగ బాన గూడా పగలగొడితే చెంబుతో తోడాల్సిందే మనం."

నాకు నవ్వొచ్చింది. లెక్క ఆపేశాను. వెనక్కి వచ్చేటప్పుడు ఎద్దులను వాటి నడకకు వదిలాను. బాన నిటారుగా దిగి, మునిగి, నిండుగా లేచింది. ఆ తర్వాత ఒక్క బాన కూడా తక్కువ రాలేదు. కురుప్ గారు చెప్పింది నా తలకు ఎప్పుడో ఎక్కింది గానీ ఒంటికి ఎక్కింది ఆ మోకు మీద. పిల్లలకు రికవరీ నేర్పడం కాదు, ముందు నా లెక్క మానాలి. సాయంత్రం దాకా తోలాను. అరచేతులు బొబ్బలెక్కాయి. అయినా చాలా సంతోషంగా ఉన్నాను.

సోమవారం పొద్దున పిల్లలకు కపిల సంగతి చెప్పాను. మునెమ్మకు తెలుసు, వాళ్ళ తాత తోలేవాడట. మిగతా ముగ్గురిలో ఒకపిల్ల కపిలను చూసిందే లేదు. ఎద్దులు వెనక్కి నడుస్తాయంటే నమ్మక కిసుక్కున నవ్వింది. ఉపమానం పని చేయలేదని అర్థమై, "సరే, అది వదిలేయండి. ఈరోజునించి నేను లెక్క చెప్పను. ముగ్గురూ మునెమ్మ వీపు చూడండి. నా నోరు చూడొద్దు" అన్నాను.

ఆరోజు పడవ మునుపటికన్నా అధ్వాన్నంగా పోయింది. తెడ్లు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేశాయి. పక్క పడవల్లోని మాస్టర్లు, టీచరమ్మకు గొంతు పోయిందా అని వేళాకోళం చేశారు. ఊరుకుని కూర్చోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. పెదవి కరిచి పట్టుకుని కూర్చున్నాను. మూడోరోజుకు మునెమ్మ జారడం నెమ్మదించింది. ఆమె వెనకాల పిల్ల ఆమెతో కలిసింది. ఇంకో నాలుగు రోజులకు నలుగురూ కలిశారు. అప్పుడు మొదటిసారి నా పడవ అడుగున బుడగలు పరుగెత్తే చప్పుడు విన్నాను. పడవ ఆగకుండా సాగుతోందనడానికి అదే గుర్తు. రోయింగ్ నేర్పేవాళ్ళకు అంతకన్నా ఇంపైన చప్పుడు లేదు.

కురుప్ గారు చూసి తల ఊపారు. ఆపైన ఒక చిక్కు చెప్పారు. మార్కుల కాగితంలో 'కమాండ్ వాయిస్' అని ఒక గడి ఉంది. బయటినుంచి వచ్చే పరీక్షకుడు నియమాల పట్టింపున్న మనిషి. మాట్లాడని కోచ్‌ను చూస్తే ఆమెకు పని తెలియదనుకోవచ్చు. పరీక్షరోజు మట్టుకు లెక్క చెబితే మంచిదేమో ఆలోచించుకోమన్నారు. నేను ఆలోచించాను. లెక్క చెబితే పిల్లలు మళ్ళీ తొందరపడతారు. చెప్పకపోతే మార్కులు పోతాయి. ఎటు తప్పినా జూన్‌లో నేను తిరుత్తణి గ్రౌండులో ఉంటాను, ఈ పిల్లలు ఒడ్డున ఉంటారు. పరీక్ష పొద్దున పడవ నీళ్ళలోకి దించేదాకా ఏదీ తేల్చుకోలేకపోయాను. పడవ ఎక్కి ఎదురుగా మునెమ్మ ముఖం చూశాక తేలిపోయింది. ఆ పిల్ల నిబ్బరంగా ఉంది. ఆ నిబ్బరాన్ని నా అరుపులతో చెడగొట్టబుద్ధి కాలేదు.

"రెడీ ఆల్" అన్నాను. "రో" అన్నాను. ఆ తర్వాత నోరు మూశాను.

పరీక్షకుడు కురుప్ గారితో పాటు లాంచీలో వెంట వచ్చారు. కాసేపటికి మెగాఫోను ఎత్తి, కమాండ్లు ఏవని అరవంలో అడిగారు. విన్నానన్నట్టు చెయ్యెత్తాను, అంతే. సగం దూరం బాగా పోయింది. అక్కడ ఆనకట్ట వైపునుంచి గాలి తిరిగింది. అలకు చివరి పిల్ల తెడ్డు నీళ్ళలో ఇరుక్కుంది. పడవ ఒక పక్కకు ఒరిగింది, తాళం చెదిరింది. 'వన్' నా గొంతుదాకా వచ్చింది. నిజం చెప్పాలంటే భయమేసింది. ఒక్క లెక్క వేస్తే నలుగురూ టక్కున కలుస్తారని తెలుసు. కలిసి, అక్కడినుంచి గమ్యందాకా గింజుకుంటూ పోతారనీ తెలుసు. చుక్కాని తాళ్ళు మాత్రం బిగించి పట్టుకున్నాను. మునెమ్మ నావైపు చూసింది. నేనేమీ చెప్పకపోయేసరికి, మామూలుకన్నా ఇంకా నిదానంగా జారింది. చివరి పిల్లకు తెడ్డు విడిపించుకోవడానికి వ్యవధి దొరికింది. తర్వాతి లాగుడుకు ముగ్గురు కలిశారు, ఆ తర్వాతి లాగుడుకు నలుగురూ. మళ్ళీ బుడగలు వినపడ్డాయి.

గమ్యం దాటాక "ఈజీ ఆల్" అన్నాను. ఆపమని అర్థం. ఒడ్డున పరీక్షకుడు నన్నేమీ అడగకుండా మునెమ్మను పక్కకు పిలిచి చాలాసేపు మాట్లాడారు. ఆ పిల్ల తిరిగొచ్చి నా పక్కన నిలబడింది.

"ఏమడిగినాడు?" అన్నాను.

"గాలి కొట్టినప్పుడు ఎవురు లెక్క చెప్పినారని అడిగినాడు టీచరమ్మా. ఎవురూ చెప్పలేదన్నా. మళ్ళ ఎట్ల కలిసినారు అన్నాడు. మేమే కలిసినాం అన్నా." నా వైపు తిరిగి, "తప్పుగా చెప్పినానా?" అని అడిగింది.

తప్పేమీ లేదన్నాను.

ఫలితాలు వారానికి వచ్చాయి. కమాండ్ వాయిస్ గడిలో సున్నా. జట్టు తాళం, పడవ సాగుడు, భద్రత గడులు నిండుగా ఉన్నాయి. మొత్తం మీద పాసయ్యాను, గొప్పగా కాదు. సున్నా వేసింది పరీక్షకుడే. నియమం ప్రకారం అది సరైన మార్కే, నాకు కోపం రాలేదు. జూన్‌లో ఆడపిల్లల జట్టు మొదలైంది. నేను తిరుత్తణి బడికి వీడ్కోలు చెప్పి పూండిలో కోచ్‌గా చేరాను. మొదటిరోజు వచ్చిన పిల్లల్లో నా నలుగురూ ఉన్నారు.

రిటైరయ్యేదాకా అక్కడే పనిచేశాను. తర్వాతి కాలంలో కొత్త కోచ్‌ల టీచింగ్ ప్రాక్టీసుకు నేనే పరీక్షకురాలిగా కూర్చున్నాను. కమాండ్ వాయిస్ గడిని తీసేయమని ఎన్నడూ అడగలేదు. పడవ బండకేసి పోతున్నప్పుడు కోచ్ గొంతు వినపడి తీరాలి. అయితే డ్రిల్ మాస్టర్లు ఎవరైనా శిక్షణకు వస్తే, మొదట కొన్నాళ్ళు పడవలో లెక్క చెప్పొద్దని ఆంక్ష పెట్టేదాన్ని. నోరు ఆపితే జట్టు చెదిరిపోతుందని వాళ్ళు భయపడేవాళ్ళు. చెదిరిపోతుంది కూడా. చెదిరిన జట్టు తనంతట తాను కలిసేదాకా చేతులు చుక్కాని మీద పెట్టుకుని చూస్తూ కూర్చోగలిగినవాళ్ళకు నేను పాసు మార్కులు వేశాను. మిగతావాళ్ళను మళ్ళీ రమ్మన్నాను.