మసక అద్దంలో చెయ్యి

మొన్న గాజువాకలో నా స్కూటీ మొరాయిస్తే దగ్గర్లో ఉన్న షెడ్డు దాకా తోసుకెళ్ళాను. మెకానిక్ ఇంజను విప్పి, ఓ చిన్న రేకు డబ్బా మూత తీసి, అందులోంచి బూడిదరంగు ముద్దని వేలితో తీశాడు. వాల్వులు అరగదీసే పేస్టు అది. గ్రీజూ, రాతిపొడీ కలిసిన ఆ వాసన తగలగానే నేను చోడవరంలో, మా అద్దె ఇంట్లో, తొమ్మిదేళ్ళ పిల్లనైపోయాను.

మా నాన్న లారీ మెకానిక్. మా ఇల్లు పంచదార ఫ్యాక్టరీకి వెళ్ళే దారిలో, ఒక గది, ఒక వంటిల్లు. చెరకు సీజను మొదలైందంటే వీధంతా బళ్ళూ ట్రాక్టర్లే, వాటి వెనక పరిగెత్తి గడలు లాక్కునే పిల్లలే, ఫ్యాక్టరీ చెరకు మడ్డి వాసన అన్నంలోకీ ఆరేసిన బట్టల్లోకీ చొరబడేది, చలి ముదిరేకొద్దీ ఆ వాసన తియ్యగా మొదలై పులుపెక్కేది. నాగులచవితికి ఎవరింట్లోనో నువ్వుల చిమ్మిలి దంచే చప్పుడు గోడలోంచి వినపడేది. మా ఇంట్లో రోలు వాడకం ఆగిపోయింది. నేను రెండో తరగతిలో ఉండగా అమ్మ జ్వరమొచ్చి చనిపోయింది.

అమ్మ పోయాక వడ్డాది నుంచి పెద్దమ్మ వచ్చి, నన్ను చూపిస్తూ, "గుంటని నాకిచ్చీ బాబూ, నువ్వు షెడ్డుకెల్తే ఎవులు సూస్తారు?" అని నాన్నని అడిగింది. నాన్న తల అడ్డంగా ఊపాడు. మాట్లాడటం ఆయనకి చేతకాదు. ఎవరింటికైనా వెళ్ళాల్సి వస్తే గుమ్మం బయటే నిలబడి, లోపలివాళ్ళు చూసి పిలిచేదాకా దగ్గనైనా దగ్గేవాడు కాదు. పెద్దమ్మ వెళుతూ వెళుతూ నా బుగ్గ నిమిరి, "నాన్న కాడ బెంగగుంటే కబురెట్టు, తీసుకెల్లిపోతాను" అంది. ఆ మాటతో నాకు భయం పట్టుకుంది. బెంగగా ఉందని ఎవరితోనైనా అంటే నన్ను నాన్న దగ్గర్నుంచి తీసుకెళ్ళిపోతారని అర్థమైంది. అందుకని ఎప్పుడూ అనలేదు.

బడి నుంచి వచ్చి తలుపు గడియ పెట్టుకుని, నాన్న వచ్చేదాకా ఒక్కదాన్నే ఉండాలి. కిటికీ రెక్కలు తియ్యనని కూడా ఒట్టు వేయించుకున్నాడు. వీధిలో పోయేవాళ్ళకి ఒంటరి పిల్ల కనపడకూడదని, ఓ ఆదివారం కిటికీ కింది అద్దాలు రెండూ ఊడదీసి, షెడ్డునుంచి తెచ్చిన ఆ పేస్టు పూసి, చిన్న గాజు ముక్కతో గుండ్రంగా రుద్దడం మొదలుపెట్టాడు. ఇసక మీద చెప్పులు ఈడ్చినట్టు గరగరమని చప్పుడు. కడిగి చూస్తే అద్దాలు పాలు పోసినట్టు తెల్లగా మసకబారాయి.

ఆ పని ఆయనకి నచ్చింది. అప్పట్నుంచి ఆదివారాలు అదే కాలక్షేపం. షెడ్డు పక్కన బళ్ళకి రేడియం స్టిక్కర్లు వేసే కొట్లో మిగిలిన తునకలు తెచ్చేవాడు. గాజుగ్లాసుకి స్టిక్కరు అంటించి, సగం బ్లేడుతో పువ్వునో ఆకునో కోసి ఒలిచేసి, ఆ ఖాళీలో పేస్టు పెట్టి రుద్దేవాడు. తరవాత స్టిక్కరు పీకి, జిగురుని కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే, మెరిసే గాజు మీద మంచు గడ్డకట్టినట్టు పువ్వు. లారీల కింద పడుకుని నట్లు బిగించే ఆ మొరటు వేళ్ళు రేకలు కోసేటప్పుడు ఎంత నెమ్మదిగా కదిలేవో. ఇంట్లో తాగేది ఇద్దరం, పువ్వుల గ్లాసులు పదకొండు.

నాకు మాత్రం ఆ కిటికీ మీద కోపంగా ఉండేది. బయట ఆడపిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే నీడలు తప్ప కనపడేవి కావు. ఓ సాయంత్రం తడి వేలు అద్దానికి తగిలితే, తగిలిన మేర మసక పోయి వీధి కనిపించింది. ఆరగానే మళ్ళీ మూసుకుపోయింది. ఇక రోజూ అదే పని. చెంబులో నీళ్ళు పెట్టుకుని, ఊచల మధ్యనుంచి చెయ్యి చాచి అద్దం తడుపుతూ, ఆట చూస్తూ ఎవరు గెలుస్తారో నాలో నేనే పందెం కట్టుకునేదాన్ని.

ఓ రోజు నాన్న ముందే వచ్చేశాడు. అద్దం మీద నీళ్ళు కారుతున్నాయి.

"ఏటి సేస్తన్నావు?"

"అద్దం కడుగుతన్నాను నాన్నా."

ఆయన తడిసిన చోట కళ్ళు పెట్టి బయటికి చూశాడు. మా వీధి పిల్ల పైడీ, మిగతా పిల్లలూ ఆడుతున్నారు. చాలాసేపు చూశాడు. వెళ్ళి కాళ్ళు కడుక్కున్నాడు.

ఆ ఆదివారం కొత్త అద్దం తెచ్చి చాప మీద పరిచి, "ఏ బొమ్మ ఎయ్యమంటావు?" అన్నాడు. ఏమీ ఆలోచించకుండా "అమ్మ" అన్నాను. ఆయన బ్లేడు కింద పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయాడు. తప్పు చేశానని బిక్కచచ్చి కూర్చున్నాను. కాసేపటికి వచ్చి, నా కుడిచెయ్యి స్టిక్కరు మీద పరిచి, చుట్టూ పెన్నుతో గీశాడు. "మనిషి బొమ్మ నాకు రాదమ్మా. నీ సెయ్యి మీ అమ్మ సెయ్యిలాగే ఉంటాది" అన్నాడు. అమ్మ గురించి ఆయన నోట నేను విన్నది ఆ ఒక్క మాటే.

చెయ్యి ఆకారాన్ని కోసి అద్దానికి అంటించి, చుట్టూ అంతా రుద్దాడు. స్టిక్కరు తీశాక తెల్లటి మసకలో నా చెయ్యి ఒక్కటే తేటగా మిగిలింది. నా కళ్ళకి అందేంత ఎత్తులో దాన్ని బిగించాడు. అది ఎన్నికల గుర్తనుకుని వీధిలో ఒకరిద్దరు ఆయన్ని ఆటపట్టించారు కూడా.

మర్నాడు సాయంత్రం ఆ చేతిలోంచి చూస్తుంటే ఉన్నట్టుండి వీధి మాయమైంది. అవతలనుంచి ఎవరో అరచెయ్యి ఆనించారు. "ఒసే, నీ సెయ్యేనా ఇది? నాది పెద్దది సూడు" అంది గొంతు. పైడి. ఆ రోజు నుంచీ వచ్చేది. అద్దానికి అటూ ఇటూ నిలబడి లెక్కలు చెప్పుకున్నాం, గొడవపడ్డాం. కొన్నాళ్ళకి నాన్న ఒట్టు సడలించాడు, తలుపు తెరుచుకుంది, నేనూ తొక్కుడుబిళ్ళ గీతల్లో గెంతాను. ఊరంతటిలో నన్ను చూసి, నా కోసమే, తనంతట తాను వచ్చిన మనిషి ఒకరున్నారనే ధైర్యంతో పెరిగాను. నాన్న పోయినప్పుడూ, విశాఖలో హాస్టలు గదిలో ఉన్నప్పుడూ ఆ ధైర్యమే పనికొచ్చింది.

పోయిన శీతాకాలం చోడవరం వెళ్ళాను. మా ఇల్లు లేదు. ఆ చోట పై అంతస్తుతో కొత్త ఇల్లు, జరిపే కిటికీలు, నల్ల అద్దాలు. పాత కిటికీ ఏమైందో చెప్పేవాళ్ళెవరూ లేరు. వీధిలో ఆడే పిల్లలూ లేరు. పైడిది రోలుగుంట అత్తవారిల్లు. వెతుక్కుంటూ వెళ్ళాను. టీ ఇచ్చి పక్కన కూర్చుంది. మాటల్లో, నువ్వు ఆ రోజు కిటికీ దగ్గరికి రాకపోతే నేనేమైపోయేదాన్నో అన్నాను.

"అదేటి, నీకు తెలీదా?" అంది పైడి. "ముందురోజు మీ నాన్న మాయింటికొచ్చేడు. మా గుంట ఒక్కద్దీ ఉంటంది, కిటికీకి సెయ్యి బొమ్మెట్టేను, మీ పైడిని ఓసారి పలకరించమనండి అని మా యమ్మతో సెప్పేడు. నేనెల్లనన్నాను. మా యమ్మ తిట్టి పంపింది. తరవాత్తరవాత నాకే అలవాటైపోయిందిలే."

చెప్పకుండా దాచుకున్న నా బెంగ ఆయనకి తెలుసన్నమాట. గుమ్మం ముందు దగ్గడానికైనా మొహమాటపడే మనిషి, నా కోసం ఆ ఇంటికి వెళ్ళి ఆ మాట ఎలా అడిగాడో, ఎంతసేపు బయట నిలబడ్డాడో తెలుసుకోవాలనిపించింది. పైడిని అడిగాను.

"ఏమో, గురుతు లేదే" అంది. వాళ్ళమ్మ పోయి నాలుగేళ్ళయిందట.