చక్రవర్తి కూర వండించిన ఆంటీ

మొన్న సోమవారం పొద్దున ఫోన్‌లో మెసేజ్ వచ్చింది: “మమ్మీజీ నహీ రహీ.” పంపింది ఆంటీ కోడలు. ఢిల్లీ సరోజినీ నగర్ క్వార్టర్లలో ఏడేళ్లపాటు మా కింది ఇంట్లో ఉన్న కడప ఆంటీ నిద్రలోనే పోయారు. ముందు రోజు మధ్యాహ్నం కూడా పప్పులో ఉప్పు ఎక్కువైందని కోడలికి చెప్పారట. అది వినగానే నాకు నవ్వొచ్చింది. ఆ తర్వాతే ఏడుపు.

మా ఆయన కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో చిన్న గుమస్తా. జీతంలో సగం శ్రీకాకుళంలో మామగారి మందులకు వెళ్లేది. మిగిలిన దాంట్లో ముగ్గురి తిండికి వారానికి ఇంత అని తీసి పెట్టుకునేదాన్ని. గురువారం వచ్చేసరికి ఇంట్లో బంగాళాదుంపలే మిగిలేవి. మా పాపకు నాలుగేళ్లప్పుడు, ఒంట్లో రక్తం తక్కువగా ఉందని, మంచి తిండి పెట్టమని డిస్పెన్సరీ డాక్టరు చెప్పారు. ఆ చీటీ పట్టుకుని మెట్ల మీద నిలబడిపోయాను.

“ఏం మ్మా, అట్ల నిలబడినావు?” అన్నారు ఆంటీ తలుపు తీసి.

“పాపకి మంచి తిండి పెట్టమన్నారండీ. ఆపిల్స్, బాదం పప్పులు నేనెక్కడి నుంచి తేను?”

“డాక్టరు ఆపిల్ అన్నాడా, మంచి తిండి అన్నాడా?”

“మంచి తిండి అన్నారు.”

“మరింకేం? సాయంత్రం సంచి తీసుకొని రా. పోదాం.”

వారపు సంతలో ఆంటీ మొదట ఏమీ కొనలేదు. ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఊరికే నడిచి, తిరిగొచ్చేటప్పుడు కొన్నారు. ముల్లంగి ఆకులు తుంచబోతున్న అతన్ని “అరే భయ్యా, పత్తే మత్ తోడ్నా!” అని ఆపి, ఆకులతో సహా సంచిలో వేయించుకున్నారు. ఒకచోట ఆకుకూర గుట్ట చూపించి, “బథువా అంటారు ఈడ. మన చక్రవర్తి కూరే ఇది. పేరేమో చక్రవర్తిది, ధరేమో బంట్రోతుది!” అని పకపకా నవ్వారు.

అలా వారం ఎలా నడపాలో నేర్చుకున్నాను. వాడిపోయే ఆకుకూరలు మొదటి రెండు రోజులు, ఆ తర్వాత కాయలు, చివరికి గుమ్మడికాయ, అలసందలు. రెండు రోజులు గుడ్లు. బిస్కట్ పాకెట్ల బదులు వేరుశనగలు, బెల్లం. శుక్రవారానికి మంచి వంట ఒకటి దాచి ఉంచమనేవారు. “వారం చివర్న ఇంట్లో పోపు వాసన రావాల. అప్పుడు లేదనే దిగులు రాదు.”

పాప మాత్రం “ఫిర్ సే సాగ్?” అని, మళ్లీ ఆకుకూరేనా అన్నట్టు మూతి ముడిచింది. ఆంటీ దాన్ని కూడా సంతకు తీసుకెళ్లారు. “ఒక కూర నీ ఇష్టం. నువ్వు కొన్నది నువ్వు తినాల. ఠీక్ హై?” అది రంగు చూసి బీట్‌రూట్ కొంది. ఎర్రబడిన చేతుల్ని అన్ని అంతస్తుల వాళ్లకీ చూపించి వచ్చి, గిన్నె ఖాళీ చేసింది.

ఒక్క విషయంలో నాకు ఆంటీ మీద కోపముండేది. ఎన్నడూ ఒక గిన్నెడు కూర పైకి పంపలేదు. ఒకసారి అడిగేశాను. “ఇంత బాగా వండుతారు, మా ఇంటికి పంపరేం ఆంటీ?”

“నీ బిడ్డ నీ చేతి వంట తిని కోలుకోవాల మ్మా. నాది తిని కాదు.”

జీతం రావడానికి ఇంకా రెండు రోజులుందనగా, ఢిల్లీ చూడ్డానికి బావగారి కుటుంబం నలుగురూ దిగారు. ఊళ్లో మా ఆయన పెద్ద ఆఫీసరని వాళ్ల నమ్మకం. నేను కిందికి పరిగెత్తాను. ఆంటీ పైకొచ్చి వంటగది గడపలో నిలబడ్డారు.

“ఏం లేదండీ ఇంట్లో,” అన్నాను.

“లేనిది నాకెందుకు? ఉండేది చెప్పు.”

గుమ్మడికాయ ముక్క, వేరుశనగలు, చింతపండు, మజ్జిగ, ఒక కట్ట బథువా ఉన్నాయి. ఆంటీ పీట వేసుకుని కూర్చుని చెబుతుంటే నేనే వండాను. గుమ్మడికాయ పులుసు, పల్లీ పచ్చడి, మజ్జిగచారు, బథువా పప్పు. బావగారు మూడోసారి పప్పు వేయించుకుని, “ఏం కూరమ్మా ఇది?” అన్నారు.

“చక్రవర్తి కూరండీ.”

“మరేటనుకున్నావు! ఢిల్లీలో ఆఫీసర్లు తినీవే వేరు!” అన్నారాయన భార్యతో. ఆంటీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెట్లు దిగిపోయారు. కింది నుంచి నవ్వు వినిపిస్తూనే ఉంది.

ఆర్నెల్లకు పాప రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరు, “రక్తం బాగా పెరిగిందే, ఏం పెట్టారు?” అని అడిగారు. ఆ కాగితం ముందు ఆంటీకే చూపించాను. కళ్లజోడు లేకుండానే అటూ ఇటూ తిప్పి చూసి, “ఇంక నీకు నాతో పన్లేదు పో,” అన్నారు. అయినా ప్రతి వారం ఇద్దరం సంచులు పట్టుకుని వెళ్తూనే ఉన్నాం. మా పాప ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. హాస్టల్ గదిలో స్నేహితురాళ్లకు ఆ చక్రవర్తి కూర పప్పే వండిపెడుతుంది. మీ ఇళ్లలోనూ ఇలాంటి పెద్దావిడ ఒకరు ఉంటే, ఆవిడతో ఒకసారి సంతకు వెళ్లి రండి.

క్వార్టర్లు ఖాళీ చేశాక ఆంటీ ఘజియాబాద్‌లో కొడుకు దగ్గరకు వెళ్లిపోయారు. కబురు అందిన రోజే నేను అక్కడికి వెళ్లాను. కోడలు నన్ను మేడ మీదికి తీసుకెళ్లింది. పరిచిన పాత పేపరు మీద, ఆదివారం ఆంటీ తుంచి ఆరబెట్టిన మెంతికూర ఉంది. చలికాలపు ఎండ సగం పేపరు దాకే వచ్చింది. కోడలు గొంతుక్కూర్చుని, నీడలో ఉన్న ఆకుల్ని గుప్పెడు గుప్పెడుగా ఎండలోకి జరుపుతోంది.