ఒక్క స్టేషన్ దూరంలో డ్రమ్మర్

అశోక్‌నగర్ నుంచి నారాయణగూడకు పోవడం కూడా ఒక యాత్రేనా అని నవ్వకండి. బేస్ గిటార్ భుజాన వేసుకుని, డ్రమ్స్ వాయించడం రాని డ్రమ్మర్‌ను వెంటబెట్టుకుని బయల్దేరితే ఎంత దూరమో మీకూ తెలుస్తుంది.

మా రాక్ బ్యాండ్‌లో అందరం అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండి గ్రూప్స్ ఉద్యోగాలకు చదివేవాళ్లమే. ఉద్యోగం వచ్చినవాడు వెళ్లిపోతాడు, రానివాడు వాయిస్తాడు. మొదటినుంచీ ఉన్నది నేనొక్కణ్నే. మొన్న మా డ్రమ్మర్‌కు అటవీశాఖలో బీట్ ఆఫీసర్ పోస్టు వచ్చింది. బీటు అతనికి దక్కింది, మాకు తప్పింది. ఖాళీ భర్తీకి మాకు తెలిసిన పద్ధతి ఒకటే. నోటిఫికేషన్ వేసి, నెగటివ్ మార్కులతో రాతపరీక్ష పెట్టాం. నా రూమ్మేట్ మల్లేశ్‌కు ఫస్ట్ ర్యాంక్. డ్రమ్స్ చరిత్ర మొత్తం చెప్తాడు. చేతికి కర్రలిస్తే దెబ్బ ఒక చోట, పాట ఒక చోట. చిన్నప్పటినుంచీ వాయిస్తున్న రాజు ఫెయిలయ్యాడు.

మేం బయల్దేరిన రోజు సాయంత్రం ఏడింటికి నారాయణగూడలో ఒక కేఫ్ మేడ మీద మా మొదటి షో. గిటార్ వాయిస్తూ పాడే సంధ్య పొద్దున రిహార్సల్ అయ్యాక నన్ను పక్కకు పిలిచి తేల్చి చెప్పింది: "రాజును తోల్కరా అన్నా. లేకుంటే నేను వేరే బ్యాండ్ల చేరుత." సంధ్య పోతే మిగిలేది నేనూ, బ్యాండ్ పేరూ.

నాలుగున్నరకు హాస్టల్ నుంచి నడక. మల్లేశ్ కొత్త కర్రలు పట్టుకుని హుషారుగా వస్తున్నాడు. అతనికి ఇంకా చెప్పలేదు. ధైర్యం దారిలో దొరుకుతుందనుకున్నాను. మిర్చి బజ్జీలు మాత్రమే దొరికాయి.

చిక్కడపల్లి లైబ్రరీ బయట రాజు చాయ్ తాగుతున్నాడు. ఇద్దరి ముందే సంగతి చెప్పేశాను.

"మెరిట్ లిస్టుల లేనోడు ఎట్ల వాయిస్తడన్నా? మల్లేశన్న కోర్టుకు పోతడు," అన్నాడు రాజు.

"పోత మరి," అన్నాడు మల్లేశ్. "జిందగీల నాకొచ్చిన ఫస్ట్ ర్యాంక్ ఇదొక్కటే."

నవ్వబోయి ఆగాను. ఆ మాట ఎంత నిజమో ఆరేళ్లుగా పక్క మంచం మీద పడుకుంటున్న నాకు తెలుసు.

రాజు కూడా నవ్వలేదు. "జర కర్రలియ్యన్నా," అని తీసుకుని పక్కనున్న స్కూటర్ సీటు మీద మెల్లగా మొదలుపెట్టాడు. మా పాటే. కరెంట్ అఫైర్స్ చదువుకుంటున్నవాళ్లు తలలెత్తారు. కసురుతారనుకున్నాను, ఒకతను కాలు ఆడించసాగాడు. మల్లేశ్ చివరిదాకా విన్నాడు. రాజు కర్రలు తిరిగి ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఉంచుకో తమ్మీ. పోస్టు నీదే."

అశోక్‌నగర్‌లో వచ్చిన పోస్టు వదులుకున్నవాణ్ని చూడటం నాకదే మొదలు.

ముగ్గురం చిక్కడపల్లిలో మెట్రో ఎక్కాం. నారాయణగూడ ఒక్క స్టేషనే; టికెట్టుకు పట్టినంత సేపు ప్రయాణానికి పట్టలేదు. ఆ కాస్తలోనే ఒక పెద్దాయన నా గిటార్ సంచి చూసి వివరాలు అడిగారు. "బ్యాండంటే పర్మనెంటేనా?"

"కాంట్రాక్టేనండీ."

"రెగ్యులర్ చేస్తరులే. ఓపిక పట్టుండ్రి," అని ధైర్యం చెప్పారు.

షోకు కుర్చీలకంటే జనం తక్కువే వచ్చారు. అయినా రాజు వాయిస్తుంటే వచ్చినవాళ్లెవరూ కూర్చోలేదు. చివర్లో సంధ్య వైర్లు చుడుతూ, "మళ్ల రిహార్సల్ ఎప్పుడన్నా?" అంది. నాకు కావాల్సిన రిజల్ట్ అదే.

ఈ దారిన రాదల్చుకున్నవాళ్లకు నా సలహా ఒక్కటే: పోయేటప్పుడు ఏది ఎక్కినా, వచ్చేటప్పుడు నడవండి. మేం ముగ్గురం చిక్కడపల్లి వైపు నడిచాం. నా గిటార్ మల్లేశ్ మోశాడు. సంచి మీద వేళ్లతో ఆ పాటే కొడుతున్నాడు. దెబ్బ కొంచెం ఆలస్యంగా పడుతోంది. రాజు ఆ దెబ్బకు కుదిరేలా తన నడక నెమ్మది చేసుకున్నాడు.