నాలుగు వేళ్ల ఎత్తు సీటు

చేగుంట దగ్గర రోడ్డు పక్క టీ హోటల్ ముందు ఆపితే, మా ఆవిడ కిరాయి కారు దిగి, టీ తాగి, మళ్ళీ ఎక్కనంది. కోపంతో అనలేదు. ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుని, ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా చెప్పింది.

"నేను మళ్ల దాంట్ల ఎక్క. మీరు పోండ్రి."

"మరి నువ్వు?"

"బస్సు రాదా?"

"బస్సు మెట్లు దీనికంటే ఎత్తు."

"బస్సుకు పట్టుకునెటందుకు కడ్డీలుంటయి," అంది.

వైశాఖమాసం ఎండ నడినెత్తిన ఉంది. ఎదురుగా తెల్లటి కొత్త కారు, కడిగిన పింగాణీ పళ్లెంలా మెరుస్తూ నిలబడి ఉంది.

ఆ కారు మూడు రోజుల కిరాయికి వచ్చింది. మా సొంత కారు క్లచ్ పోయి షెడ్డులో పడి ఉంది. తూప్రాన్‌లో మా మరదలి గృహప్రవేశానికి పోక తప్పదు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఫోన్‌లోనే బండి కుదిర్చి మెదక్‌లో మా ఇంటి ముందుకు పంపించింది. ఏదో దొరికిన బండి కాదు. పాతది అమ్మేసి ఇది కొందామని కొన్ని నెలలుగా చెబుతున్న మోడల్‌నే ఏరి పంపింది. మా కారుకు ఈ వానాకాలంతో పదిహేనేళ్లు నిండుతాయి. ఆపైన రోడ్డు మీద తిప్పాలంటే రవాణా ఆఫీసులో చూపించి రిజిస్ట్రేషన్ కొత్తగా చేయించుకోవాలి. ఆ తతంగం రాకముందే వదిలించుకోవాలని ఆమె పట్టుదల.

"మూడు దినాలు నడుపు బాపూ. ఏది మంచిగున్నదో నువ్వే చెప్పు. నువ్వేది చెప్తే గదే ఫైనల్. గని పేపర్ల రాసినట్టు ఉన్నదున్నట్టు చెప్పాలె," అంది.

అది ఉచ్చు అని నాకు తెలుసు. జిల్లా విలేకరిగా ఎన్నో ఏళ్లు పనిచేసినవాణ్ణి. నచ్చని పక్షం మాట కూడా పూర్తిగా విని రాయడం అలవాటైపోయింది. అబద్ధం చెప్పలేనని ఆమెకు బాగా తెలుసు. సరేనన్నాను. అలా మా పాత కారు ఉండడమో పోవడమో నా మూడు రోజుల నోటిమాట మీద పడింది.

ఉన్నదున్నట్టే రాస్తాను. కిరాయి కారు బాగుంది. తలుపు వేస్తే దిండు మీద చెయ్యి పడ్డంత మెత్తటి చప్పుడు. మీట నొక్కిన రెండు నిమిషాల్లో చల్లగాలి వెనక సీటు దాకా పోతుంది. గుంతలో దిగినా ఒళ్లు కదలదు. వెనక్కి తీస్తుంటే స్టీరింగ్ పక్క తెర మీద మా గేటు, గేటు పక్క కుండీ, కుండీ మీద పడుకున్న పిల్లి అన్నీ కనిపించాయి. మా కారులో నేను తల బయటపెట్టి, మా ఆవిడ దిగి చేతులూపితే తప్ప బండి వెనక్కి రాదు. ఎత్తు ఎక్కేటప్పుడు చల్లగాలి ఆపుకోవాలి. ఎడమవైపు వెనక తలుపు కాస్త పైకెత్తి లాగితేనే వస్తుంది. కొన్నప్పుడు తెలుపు. ఇప్పుడు పాలలో టీ చుక్క కలిపిన రంగు. నంబరు ప్లేటు మీద ఇంకా పాత రాష్ట్రం అక్షరాలే ఉన్నాయి.

కిరాయి బండిలో నాకు పడనిది ఒక్కటే, అది ఊరికే మొత్తుకుంటుంది. మా ఆవిడ వెనక సీటు మీద కొబ్బరికాయల సంచి పెడితే, మనిషి కూర్చున్నాడనుకుని బెల్టు పెట్టుకోమని పోరింది. చివరికి సంచికి బెల్టు పెట్టాం. ఇది తప్పు కింద రాయలేను. నవ్వుకున్నాం, అంతే.

మూడో రోజు పొద్దున తూప్రాన్ బయలుదేరేసరికి నా తీర్పు దాదాపు తయారైంది. మనసులో వాక్యం కూడా కుదిరిపోయింది. అయితే అన్ని రోజులూ నేను స్టీరింగ్ ముందు కూర్చుని ఆలోచించాను. పక్క సీటు మనిషిని అడగాలని తోచలేదు. ఇంటి దగ్గర ఆమె అరుగు మీంచి నేరుగా కారులోకి అడుగు పెట్టింది. తూప్రాన్‌లో మా మరదలు, ఆమె కోడలు చెరో చెయ్యి పట్టి ఎక్కించారు. చదునైన నేల మీద, ఒంటరిగా, తిరిగొస్తూ చేగుంటలోనే మొదటిసారి ఆ ఎత్తు కారు ముందు నిలబడింది.

మా ఆవిడ ఎడమ మోకాలు మూడేళ్లుగా సరిగ్గా లేదు. మొదట్లో మా కారుతోనూ ఇబ్బందే. అది మరీ కిందికి ఉండేది. దిగాలంటే తలుపు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, రెండు మూడుసార్లు ఊగి లేచేది. నేనో మెత్త దిండు తెచ్చి సీటు మీద వేస్తే మలుపు తిరిగినప్పుడల్లా ఆమెతో సహా జారింది. బస్ డిపో వెనక షెడ్డు నడిపే మా మెకానిక్ అది చూసి, "మా ఇంట్ల మనిషికి చూపెడుదాం సార్," అన్నాడు. ఆయన భార్య పుట్టింటివాళ్లు పరుపులు కుట్టేవాళ్లు. ఆమె షెడ్డు వెనక గదిలో ఆటోలకు సీట్లు కుడుతుంది. మా ఆవిడ ఆమెను ఆపా అంటుంది, ఉర్దూలో అక్క అని.

ఆమె ముందు మగవాళ్లిద్దరినీ బయటికి పంపేసింది. తలుపు దగ్గరగా వేసి, కారు సీటు ఎంత ఎత్తుందో అంత ఎత్తున చెక్కపెట్టె పెట్టింది. దాని మీద పాత పేపర్లు పేర్చింది. ఇంజిన్ సామాన్ల కింద పరుచుకోవడానికని నేనే ఎప్పటికప్పుడు కట్టలు కట్టి ఇచ్చేవాణ్ణి. నాకు మాటలు మాత్రం వినిపించాయి.

"కూసో అక్కా. ఇగ లెవ్వు. చెయ్యి పట్టకుండ లెవ్వాలె."

"లేవొస్తలేదు."

"ఇంక పది పేపర్లు ఎయ్యనా?"

"ఎయ్యి. మా సారు రాసినయి ఎయ్యకు, అవి ఎంత ఏసినా బరువే గని ఎత్తు రాదు."

లోపల ఇద్దరూ నవ్వారు. బయట మెకానిక్ నా వైపు చూడకుండా స్పానర్ తుడుచుకున్నాడు. గంటసేపు అలా పేర్చడం, తీయడం, కూర్చోవడం, లేవడం. మా ఆవిడ ఏదీ పట్టుకోకుండా లేచినప్పుడు ఆపా తలుపు తీసి, పేపర్ల దొంతర పక్కన చెయ్యి ఆనించి నాకు చూపించింది. సరిగ్గా నాలుగు వేళ్లు.

"టేపుతో కొలవరాదా?" అన్నాను.

"టేపుకు మోకాలు నొప్పి ఏం ఎరుక సారూ," అంది.

అడుగున కొబ్బరి పీచు, దాని మీద ఫోము, పైన పలచగా దూది. తొడ కింద నరం ఒత్తుకోకుండా ముందు అంచు కొంచెం వాల్చి కుట్టింది. రెగ్జిన్ బూడిదరంగు దొరక్క ఇటుకరంగుది వేసింది. మిగతా సీట్లతో అది కలవదు. కానీ ఆ రోజు నుంచి మా ఆవిడ మొదట సీటు మీద కూర్చుని, తర్వాత రెండు కాళ్లూ లోపలికి తిప్పుకుంటుంది. దిగేటప్పుడు కాళ్లు బయట పెట్టి లేచి నిలబడుతుంది. ఎవరి చెయ్యీ అడగదు.

చేగుంటలో నేను మెకానిక్‌కు ఫోన్ చేశాను.

"క్లచ్ కూసున్నది సార్. ట్రయల్ కొట్టిన, మక్ఖన్ లెక్క మెత్తగున్నది. అమ్మను పరేషాన్ గావద్దను. నేనే తెస్త," అన్నాడు.

ఎదురుచూస్తున్నంతసేపూ టీ హోటల్ యజమాని మమ్మల్ని వదల్లేదు.

"ఏంది సారూ, కొత్త బండి ఖరాబైందా?"

"బండి మంచిగనే ఉన్నది. ఎక్కుడే కష్టం," అంది మా ఆవిడ.

"గంత పెద్ద కారిచ్చిన కంపెనోడు ఒక పీట ఇయ్యలేదా?" అని లోపలికి పోయి, గిన్నెలు తోమేటప్పుడు వేసుకునే పీట తెచ్చి కారు తలుపు దగ్గర వేశాడు. "రాండ్రమ్మా, జర ఎక్కి చూడుండ్రి."

"ఎక్కుత. మళ్ల మెదక్‌ల దిగెటందుకు నీ పీట తీస్కపోవాలె. నీ గిన్నెలెట్ల?"

"గదీ నిజమే," అని పీట వెనక్కి తీసుకుపోయాడు.

ముప్పావు గంటకు మా కారు వచ్చింది. మెకానిక్ దాన్ని తెచ్చి కిరాయి కారు పక్కనే నిలిపాడు. రెండూ అంత దగ్గరగా నిలబడడం అదే మొదటిసారి. మాది దాని భుజం దాకా కూడా రాలేదు. హోటల్ యజమాని రెంటినీ మార్చి మార్చి చూసి, "గీ ముసలిదాని కోసమా గింతసేపు," అన్నాడు. మా ఆవిడ తలుపు తీసి, ఇటుకరంగు సీటు మీద కూర్చుని, కాళ్లు లోపలికి తిప్పుకుని, తలుపు వేసుకుంది. పట్టుమని పది క్షణాలు పట్టలేదు.

మెకానిక్ మాత్రం కిరాయి కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. బానెట్ తీయించి చూశాడు. "ఇంజిన్ మస్తున్నది సార్. మనదాంతోటి పోటీ పెట్టద్దు," అన్నాడు. ఆయన కూడా ఉన్నదున్నట్టు చెప్పే మనిషే.

కిరాయి షరతు ప్రకారం ఆ బండిని నేనే నడపాలి. అందుకని మా ఆవిడ ఆయనతో ముందు బయలుదేరింది. నేను ఆ పెద్ద కారులో వెనక పోయాను. ఇన్నేళ్లలో మా కారు రోడ్డు మీద పోతుంటే బయటినుంచి చూడడం నాకు అదే మొదలు. యాసంగి పంట వడ్లు సగం రోడ్డు మీద ఆరబోసి, అంచున రాళ్లు పెట్టారు. ప్రతి రాయికీ నా బండి కూత పెడుతోంది. ముందు మా కారు రాళ్ల పక్కనుంచి, ఎదురొచ్చే ట్రాక్టర్ల పక్కనుంచి, ఒక్క గింజ తొక్కకుండా పోతోంది. పొగ వస్తుందేమోనని చూశాను. రాలేదు. ఎడమవైపు బ్రేకు లైటు వెలగడం లేదు. ఎప్పటినుంచి వెలగడం లేదో నాకు తెలియదు. వెనక అద్దంలోంచి మా ఆవిడ తల కనిపిస్తోంది. పొట్టి మనిషి. ఇదివరకైతే సీటు వెనక మునిగిపోయేది. ఇప్పుడు మెకానిక్ తలతో సమానంగా, నిటారుగా ఉంది. ఊళ్లో తయారైన వస్తువు ఊరి మనిషికి అంత కచ్చితంగా సరిపోవడం చూసి గర్వంగా అనిపించింది. అందులో నా చేతిపని ఏమీ లేదు. అయినా అనిపించింది.

సాయంత్రం అమ్మాయి ఫోన్ చేసింది.

"ఇంజిన్?"

"కిరాయిదే మంచిది."

"ఏసీ?"

"దాని ముచ్చటే అడగకు."

"మరింకేంది బాపూ?"

"మీ అమ్మ ఎక్కలేదు," అని జరిగింది చెప్పాను.

అంతా విని తెలివైన ప్రశ్న వేసింది. "గా సీటే కొత్తదాంట్ల పెట్టిస్తే?"

మర్నాడు షెడ్డుకు పోయి ఆపాని ఆ సంగతి అడిగాను. "ఎత్తు పెంచుడు నాతోటి అయితది సారూ. తగ్గించుడు గా కంపెనోళ్ల చేతుల ఉన్నది," అంది. తర్వాత మొగుడి వైపు తిరిగి, "గంత పెద్ద కారు ఇడిసిపెట్టి నా సీటు మీద కూసున్నదా?" అని అడిగింది. ముందురోజు రాగానే ఆయన అంతా చెప్పాడట. మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. కుట్టుమిషను ఆపి మొత్తం విన్నది.

అమ్మాయి మాట తప్పలేదు. ఈ తీర్పు నాది కాదు, మీ అమ్మదే అంటే ఒప్పుకుంది. రిజిస్ట్రేషన్ మళ్ళీ అయితేనే ఉంచుకోవాలి, కాకపోతే అమ్మేయాలి అన్నది ఆమె షరతు. ఇంజిన్, బ్రేకులు, పొగ తన పూచీ అన్నాడు మెకానిక్. బ్రేకు లైటు అప్పుడే మార్చేశాడు. కంపెనీ సీటు మార్చి కుట్టించిన బండిని తనిఖీలో ఒప్పుకుంటారో లేదో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. గడువు ఇంకా రెండు నెలలు ఉంది. ఆ సంగతి రవాణా ఆఫీసులో ఎవరినీ నేను ఇంకా అడగలేదు.