గిచోహి బావ ఉప్పు కాగితం

మా గిచోహి బావకి ఒకే ఒక్క జబ్బు. ఇంటికి ఎవరు వచ్చినా సరే, కూర్చోమనే ముందు చేతిలో ఒక ఉప్పు కాగితం ముక్క పెట్టి, పెరట్లో రేకుల షెడ్డులో ఉన్న తన పాత స్పోర్ట్స్ కారు దగ్గరికి తీసుకెళ్ళి, "కాస్త ఈ మూల రుద్దండి" అంటాడు. రుద్దిన తరవాతే టీ. రుద్దనివాళ్ళకి టీ మాట అటుంచి మంచినీళ్ళు కూడా పుట్టవు. మా న్యేరి ఊరి చుట్టుపక్కల ఆ కారుని రుద్దని మనిషి ఎవరైనా ఉన్నాడంటే, బావకి ఇంకా పరిచయం కాలేదని అర్థం.

బావ పశువుల కాంపౌండరు. కాబట్టి గేటు తీసుకుని వచ్చేవాళ్ళకి కొదవ లేదు. ఒకసారి కొండ అవతలి నుంచి ఒకాయన రొప్పుతూ పరుగెత్తుకొచ్చాడు.

"కాంపౌండరుగారూ, ఆవు ఈనలేక పడిపోయింది. దూడ కాళ్ళు బయటికొచ్చేశాయి."

"బూట్లు వేసుకొస్తాను. ఈలోగా ఈ డిక్కీ అంచు చూడు. నీళ్ళు చల్లుకుంటూ రుద్దు, గీతలు పడకుండా."

ఆయన కాసేపు నిర్ఘాంతపోయి చూశాడు. తరవాత ఏమనుకున్నాడో, కళ్ళు తుడుచుకుంటూనే రుద్దాడు. ఆవు బతికింది, దూడా బతికింది. అంత నునుపుగా ఇంకెవరూ రుద్దలేదని బావ ఇప్పటికీ ఆయన్ని నలుగురిలో మెచ్చుకుంటాడు.

మా చర్చి పాస్టరుగారికి కూడా తప్పలేదు. ఆయన ఇంట్లో ప్రార్థన చేయడానికి వచ్చారు.

"ప్రార్థించండి పాస్టరుగారూ, ఎవరొద్దన్నారు? నోరే కదా ప్రార్థించేది. చేతులు ఖాళీయే."

తెల్ల కాలరు చుట్టూ ఎర్రటి తుప్పు పొడితో ఆయన బయటికి వస్తుంటే, అటుగా పోతున్న ముసలామె ఒకావిడ భయపడి శిలువ గుర్తు వేసుకుంది. ఆ ఆదివారం ప్రసంగం పాపం గురించి. అందులో పాపం అనే మాటకంటే తుప్పు అనే మాటే ఎక్కువసార్లు వచ్చింది.

ఆ కారు మా ఇంటికి ఎలా దాపురించిందో చెప్పాలి. చిన్నప్పుడు బావ మట్టిరోడ్డు పక్కన నిలబడి కార్ల రేసు చూస్తుంటే, పొడుగాటి ముక్కు, రెండే తలుపులు ఉన్న పసుపు జపాన్ కారు ఒకటి దూసుకుపోతూ ఆయన్ని నిలువెల్లా బురదలో ముంచేసిందట. ఇంకెవరైనా అయితే తిట్టుకుంటారు. ఈయన ఆ బురద కడుక్కోనని మొండికేసి వాళ్ళమ్మ చేత దెబ్బలు తిన్నాడు. పెద్దయ్యాక, పశువులకి సూదిమందు వేయడానికి ఒక కాఫీ తోటకి వెళితే, సరిగ్గా అదే రకం కారు కోళ్ళగూడుగా కనిపించింది. స్టీరింగు కింద ఒక పెట్ట గుడ్లు పొదుగుతోంది. దాన్ని లేపడానికి మనసొప్పక కోళ్ళతో సహా కొనేశాడు.

లారీ వచ్చి గేటు ముందు ఆగింది. మా అక్క వామైతా చూసింది. లారీ మీద తుప్పు, తుప్పులో కోడి.

"ఇదేంటి?"

"కారు."

"ఎక్కడ?"

ఆ రోజు నుంచీ ఆ ఇంట్లో ఏ మూత తీయాలన్నా నాకు భయమే. ఒక ఆదివారం నకనకలాడే ఆకలితో వెళ్ళాను. పొయ్యి మీద కుండ కుతకుతలాడుతోంది. మొక్కజొన్నలు, చిక్కుడు గింజలు ఉడికిన వాసన రావాలే, రావడం లేదేమిటా అని మూత తీశాను. లోపల కార్బురేటరు ఉడుకుతోంది. నా చేతిలోంచి మూత జారి కాలి మీద పడింది.

"అక్కా, ఇదేంటి?"

"అది మీ బావది. నీకు పక్క కుండలో ఉంది," అంది అక్క, తిరిగి కూడా చూడకుండా.

ఇలా ఏళ్ళు గడిచాయి. తుప్పు పోయింది. చిల్లులకి అతుకులు పడ్డాయి. లప్పం పెట్టి రుద్ది, మళ్ళీ పెట్టి మళ్ళీ రుద్ది, చివరికి మొన్న వానల ముందు బావ కారుకి రంగు వేశాడు. పసుపు. నాటుకోడి గుడ్డు సొనలా మెరిసిపోయింది. ఆ రోజు ఊరు ఊరంతా అవాక్కయింది. రంగు చూసి కాదు, బావ ఎవరి చేతిలోనూ కాగితం పెట్టనందుకు.

"చేతులు వెనక్కి కట్టుకుని చూడండి. ఊపిరి అటు తిరిగి వదలండి," అని అందరినీ వరుసలో నిలబెట్టాడు. నైరోబీలో జరిగే పాత కార్ల పోటీకి పేరు కూడా ఇచ్చేశాడు.

సరిగ్గా అప్పుడే న్యాకియో పెళ్ళి మాట వచ్చింది. న్యాకియో బావకి ఒక్కగానొక్క కూతురు, ఆస్పత్రిలో నర్సు. అబ్బాయి పేరు మురేతి. కియేని మైదానాల వాడు, అక్కడే బడిలో పంతులు. మంచివాడు. వెనక మడ్‌గార్డు మొత్తం ఒక్కడే రుద్దాడు, మా ఇంట్లో అంతకుమించిన యోగ్యతాపత్రం లేదు. చిక్కల్లా మేకల దగ్గర వచ్చింది.

మాలో పిల్లని అడగడానికి వచ్చేవాళ్ళు మేకలు తోలుకుని రావాలి. కియేనిలో చూస్తే వానలు మొహం చాటేసి చాలా కాలమైంది. మురేతి తల్లి వంగేచి, భర్త పోయాక ఒంటిచేత్తో మందని సాకి కొడుకుని చదివించిన మనిషి. ఆ మంద ఆవిడ కళ్ళ ముందే ఎండకి మాడి పోయింది.

మేకలు వద్దనేస్తే పోయేది కదా అంటారేమో. అలా అనే హక్కు తండ్రికి లేదు. మేకల లెక్క పెద్దల చేతిలో ఉంటుంది, మా పెద్దలంటే బావకి అక్క అయిన జెరూషా వదిన. బావ తమ్ముడి కూతురి కోసం వచ్చినవాళ్ళు తక్కువ మేకలు తెచ్చారని ఈవిడ గేటు అవతలి నుంచే సాగనంపింది. వాళ్ళు మళ్ళీ రాలేదు. పోనీ మనమే దయతలిచి వద్దన్నా వంగేచి ఒప్పుకోదు. ఊరికే ఇచ్చేసిన పిల్ల అని రేపు తన కోడల్ని ఎవరైనా అంటే ఆవిడ తట్టుకోలేదు.

"మామయ్యా, ఆవిణ్ణి గేటు దగ్గర నుంచి వెనక్కి పంపిస్తే మురేతి ఇంకెప్పుడూ అడగడు," అంది న్యాకియో నాతో, ముక్కు ఎగబీలుస్తూ. "తల్లిని రెండోసారి అక్కడ నిలబెట్టే రకం కాదు."

"మీ నాన్నతో చెప్పావా?"

"చెప్పాను. ఎంతమంది వస్తున్నారని అడిగాడు. అంతే, షెడ్డులోకి పోయాడు."

నాకు ఒళ్ళు మండింది. కూతురి బతుకు గేటు దగ్గర వేలాడుతుంటే ఈయనకి కారు ధ్యాస ఏమిటని తిట్టుకున్నాను.

వాళ్ళు వచ్చే రోజు పొద్దున్నే వెళ్ళేసరికి షెడ్డులోంచి కర్రు కర్రుమని చప్పుడు. తొంగి చూసి కొయ్యబారిపోయాను. బావ మోకాళ్ళ మీద కూర్చుని, ఉన్నవాటిలోకెల్లా గరుకు కాగితం పట్టుకుని, ఆ గుడ్డు సొన పసుపు బానెట్ మీద బరబరా గీకేస్తున్నాడు.

"బావా, నీకేమన్నా మతి పోయిందా?"

"రంగు కుదర్లేదురా మథెంగే. ఇదిగో, ఇక్కడ చుక్క కారింది."

కళ్ళు చికిలించి చూశాను. ఏ చుక్కా లేదు.

"చుక్క కారిందని బానెట్టంతా గీకుతావా?"

"తలుపులు కూడా గీకాను. అటెళ్ళి చూడు."

వెళ్ళి చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది. పరుగున పోయి అక్కకి చెప్పాను. బంగాళాదుంపలు మెదుపుతున్న అక్క గరిటె పట్టుకునే పీట మీద కూలబడింది. "వియ్యాలవారు వచ్చే రోజునా?" అని, దుంపల్ని ఇంకా గట్టిగా మెదపసాగింది.

మధ్యాహ్నానికి గేటు బయట పాట మొదలైంది. వచ్చినవాళ్ళు పాడాలి, లోపలి ఆడవాళ్ళు బదులు పాడాలి, అప్పుడు గానీ గేటు తెరవకూడదు. ఒక వ్యాను నిండా మనుషులు దిగారు. ముందు వాళ్ళ తరఫున మాట్లాడే వరుయి పెద్దాయన, నల్లకోటు, టోపీ. ఆయన పక్కన వంగేచి, చేతిలో తాడు. తాడుకి ఒక గొర్రెపిల్ల, ఒక మేకపిల్ల. మాట కదపడానికి తేవాల్సిన జత అది. మంద లేదు.

జెరూషా వదిన పాడటం ఆపేసింది. గేటు ఊచల్లోంచి వాళ్ళ వెనక రోడ్డంతా వెతికింది.

"మిగతావి నడిచొస్తున్నాయా? కాళ్ళు నొప్పులేమో పాపం."

వంగేచి తల దించలేదు గానీ, తాడుని చేతికి ఇంకో చుట్టు చుట్టుకుంది. వంటింటి కిటికీలో న్యాకియో మొహం పాలిపోయింది. వ్యాను దగ్గరున్న మురేతి అప్పుడే ముందుకొచ్చి తల్లి భుజం మీద చెయ్యి వేసి, పోదాం పద అన్నట్టు వెనక్కి తిప్పుతున్నాడు.

అప్పుడు వచ్చాడు బావ. కోటు తొడుక్కుని, గంభీరంగా లోపల కూర్చోవాల్సిన పెళ్ళికూతురి తండ్రి, నూనె మరకల పనిబట్టల్లో, కనుబొమ్మల దాకా పసుపు పొడితో వచ్చి, తన చేత్తో తనే గేటు తీసేశాడు. ఇటువాళ్ళూ అటువాళ్ళూ కూడా నోళ్ళు వెళ్ళబెట్టారు.

"రండి రండి, సమయానికి వచ్చారు," అంటూ అందరికీ ఉప్పు కాగితాలు పంచేశాడు.

"అయ్యా, మేము పిల్లని అడగడానికి వచ్చాం," అన్నాడు వరుయి పెద్దాయన, చేతిలో కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూ.

"అడుగుదురు గాని. ముందు ఎడమ తలుపు."

"నేను కోటు మీద ఉన్నాను."

"కోటు పట్టుకోవడానికి మా బావమరిది ఉన్నాడుగా."

నేను కోటు పట్టుకున్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను. పెద్దాయన ఏమంటాడో అని చూస్తుంటే, వంగేచి ముందుకొచ్చింది. గొర్రెనీ మేకనీ షెడ్డు గుంజకి కట్టింది. శాలువా తీసి మడిచి పక్కన పెట్టింది. బానెట్ ముందు నిలబడి, కాగితం నీళ్ళలో ముంచి, రుద్దడం మొదలుపెట్టింది. ఆవిడే దిగాక ఇంకెవరు నిలబడతారు? పెద్దాయన తలుపు పట్టాడు. మురేతి కారు కప్పు అందుకున్నాడు. గేటు దగ్గర సగంలో ఆగిన పాట షెడ్డులో మళ్ళీ మొదలైంది, మా ఆడవాళ్ళు కూడా బకెట్లు మోస్తూ బదులు పాడారు. పొద్దు వాలేసరికి పెద్దాయన గడ్డం పసుపు, కారు బోడి. జెరూషా వదిన వసారాలో కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చుంది.

ఆకలి మీద అందరూ నాలుగు ముద్దలు తిన్నాక వదిన గొంతు సవరించుకుంది.

"సరే, ఒళ్ళు హూనమయ్యేలా గీకారు. ఇక మేకల మాట."

"అది అయిపోయిందిగా అక్కా," అన్నాడు బావ.

"ఎప్పుడు?"

"ఇందాకటి నుంచీ అదే జరుగుతోంది. మన తాత నానమ్మని అడగడానికి ఎన్ని మేకలు తోలుకెళ్ళాడు?"

మేక తోక కూడా లేని తాత, వానాకాలం పొడుగునా మామగారి కందతోట తవ్వి నానమ్మని తెచ్చుకున్నాడని మాకు చెప్పిందే వదిన. చెప్పినప్పుడల్లా గర్వంతో కళ్ళు తడి చేసుకునేది కూడా ఆవిడే.

"నాకు కందతోట లేదు. ఈ కారు ఉంది. ఇంటిల్లిపాదీ వచ్చి నా పని చేశారు, ఊరంతా చూసింది, నువ్వూ చూశావు. చెమట లెక్కలోకి రాదంటే ఇప్పుడే చెప్పు. తాత సమాధి దగ్గరికెళ్ళి ఆయనకి కూడా చెప్పొద్దాం, తాతా, నువ్వు ఇంకా మేకలు బాకీ అని."

వదిన షెడ్డు వైపు చెయ్యి చూపించి, "ఆ రెండు జీవాలకీ నీళ్ళు పెట్టండి. ఎంతసేపని గుంజకి కట్టేసి ఉంచుతారు," అంది. తీసుకున్నట్టే లెక్క. న్యాకియో వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, వచ్చినదాన్ని ఏం చేయాలో తోచక, నన్ను కావలించుకుంది.

నాకు అప్పుడు గానీ వెలగలేదు. కారని చుక్క కోసం, ఏళ్ళ తరబడి ఎదురుచూసి వేసుకున్న రంగుని, ఈ మనిషి తన చేతులతో తనే గీకేసుకున్నాడు. ఆయన మీద నాకున్న కోపమంతా ఎటు పోయిందో తెలియదు. గట్టిగా కావలించుకుందామనిపించింది గానీ, ఆయన ఒంటి నిండా పసుపు పొడి ఉందని ఆగాను.

చేతులు కడుక్కునే చోట వంగేచి మా పక్కకి వచ్చింది. గొంతు తగ్గించి, బావతో అంది.

"అన్నయ్యగారూ, ఏటేటా మా ఇంటికి రంగు వేసుకునేది నేనే. పాత రంగేదో నిన్నటి రంగేదో నా గోళ్ళకి తెలుస్తుంది."

బావ గబగబా మళ్ళీ చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు.

"పని సగంలో ఆపి సరిపోయిందంటే నేను ఒప్పుకోను. గీకింది మావాళ్ళు. రంగూ మావాళ్ళే వేస్తారు. డబ్బా మాది."

"పసుపేనా అమ్మా?" అన్నాడు బావ.

"మా దగ్గర ఉన్నది."

వారం తిరక్కుండా వచ్చారు. వాళ్ళ దగ్గర ఉన్నది నీళ్ళ ట్యాంకుకి వేయగా మిగిలిన ఆకుపచ్చ. బ్రష్షులతో వేశారు, అదీ గోడకి వేసే వెడల్పాటి బ్రష్షులతో. బావ ఒక మూల నిలబడి చూస్తూ ఉంటే, ఆయన మొహంలో రంగులు మారడం నేను చూశాను. అయినా కిక్కురుమనలేదు. ఆఖర్న వంగేచి వెనక్కి జరిగి, తల వంచి చూసి, "ఇప్పుడు బాగుంది" అంటే, "చాలా బాగుంది" అన్నాడు.

ఆ కారుతోనే నైరోబీ వెళ్ళాం. ముందు సీటులో బావ, పక్కన చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని వంగేచి, వెనక కాళ్ళు మడుచుకుని నేనూ మా అక్కా. అద్దాల్లా మెరుస్తున్న కార్ల మధ్య మాది బ్రష్షు గీతలతో నిలబడింది. న్యాయనిర్ణేత ఒకాయన ఇంజను చూసి మెచ్చుకుని, రంగు చూసి అదిరిపడ్డాడు.

"ఇంత పని చేసి దీన్నిలా పాడు చేశారేంటండీ? మళ్ళీ రంగు వేయించరాదూ?"

"ఇది మా వియ్యపురాలు వేసిన రంగు," అన్నాడు బావ. "మీరు కాస్త దూరంగా నిలబడి మాట్లాడండి."

బహుమతి రాలేదు. తిరుగు దారంతా, ఆ న్యాయనిర్ణేతకి రంగుల గురించి ఓనమాలు కూడా తెలియవని వంగేచి విసుక్కుంటూనే ఉంది, బావ ఔనౌనంటూ బండి నడుపుతూనే ఉన్నాడు.